ఏపీ21 సిటీ వీటెక్: నాలుగేళ్లు షెడ్డులో ఉన్న బండి, సెల్ఫ్ కొట్టే ముందు ఏమేం చూడాల?

బురుజు వీటెక్ (కర్నూలు):

అందరికీ నమస్తే. బండి మన దేశంలో అమ్మిన మొదటి తరం హోండా సిటీ. 1.5 వీటెక్ (ఆర్పీఎం పెరిగితే వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే హోండా పద్ధతి), 106 బీహెచ్‌పీ ఇంజన్, మాన్యువల్ గేర్లు. ఏపీ21 నంబరు, 2002 రిజిస్ట్రేషన్. మీటరు 1,28,000 కిలోమీటర్లు చూపిస్తోంది. నాలుగేళ్లుగా రేకుల షెడ్డులో కవరు కింద ఉంది. అప్పటినుంచి ఒక్కసారి కూడా సెల్ఫ్ కొట్టలేదు.

ఇప్పటి పరిస్థితి ఇది. బ్యాటరీ పూర్తిగా పోయింది. ట్యాంకులో పావు వంతు పాత పెట్రోలు ఉంది. టైమింగ్ బెల్టు (పిస్టన్లకూ వాల్వులకూ లయ కలిపే రబ్బరు బెల్టు) ఎప్పుడు మార్చారో బిల్లు లేదు. రేడియేటర్‌లో నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయి, కూలెంట్ పోసిన జాడ లేదు. వాల్వ్ కవరు చుట్టూ, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచేది) కింద ఆయిల్ తడి. బానెట్, రూఫు మీద క్లియర్ కోటు (రంగు మీది మెరుపు పూత) పొరలుగా లేస్తోంది. ఎడమ వెనక చక్రం ఆర్చిలో బొటనవేలంత తుప్పు. ఆర్‌సీ 2017లో ఐదేళ్లకు రెన్యువల్ అయ్యి 2022తో ముగిసింది.

ఇంజన్ మార్చడం, టర్బో పెట్టడం లాంటివి వద్దు. కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి, ఆదివారాలు కడప దగ్గరి గువ్వలచెరువు ఘాట్, గండికోట దాకా నమ్మకంగా పోయి రావాలి.

మూడు ప్రశ్నలు. సెల్ఫ్ కొట్టే ముందు ఏం చేయాలి? ఊర్లో ఒక షాపులో చూడకుండానే హెడ్డు (ఇంజన్ పై భాగం) దించి సిలిండర్లు బోరు చేయాలి (లోపలి గోడలు కోయాలి) అంటున్నారు, అది అవసరమా? పెయింట్ ముందా, ఇంజన్ ముందా?


గుత్తి మలుపు (అనంతపురం):

అన్నా, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలన్న ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టు. ఈ ఇంజన్లో టైమింగ్ బెల్టు తెగినా, పళ్లు దూకినా వాల్వులు పోయి పిస్టన్లను గుద్దుతాయి. బెల్టుకు లక్ష కిలోమీటర్లు అంటారు గానీ రబ్బరుకు ఏండ్ల లెక్క కూడా ఉంటాది. నీ బండి రేకుల కింద నాలుగు ఎండాకాలాలు చూసింది. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకోవాల.

ముందు బానెట్ ఎత్తి ఎలుకల పని చూడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల గూడు, ఇంజెక్టర్ వైర్లు, హీటర్ బ్లోయర్ డబ్బా, ఈ మూడు చోట్ల ఖాయంగా వెతకాల. వైరు కొరికింటే ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేయొద్దు. టంకం వేసి, హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించు.

తర్వాత నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో 5 నుంచి 10 మి.లీ. ఇంజన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయి. రింగులు గోడకు పట్టుకొని ఉంటే వదులైతాయి. మరుసటి రోజు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి చేత్తో తిప్పాల. ఈ హోండా ఇంజన్ మిగతా బండ్ల మాదిరి కాదు, పుల్లీ వైపు నిలబడి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాది. నువ్వూ అట్లనే తిప్పాల. నిండా రెండు చుట్లు మెత్తగా తిరిగితే సంతోషం. యాడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయొద్దు, ఆడనే ఆపి మళ్లీ రాయి.

బెల్టు పని ఒక్క బెల్టుతో ముగిసేది కాదు. వాటర్ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. కాబట్టి బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సీలు, క్రాంక్ ముందు సీలు, అన్నీ ఒకేసారి మార్చాల. నీ రేడియేటర్లో ఉన్న తుప్పు నీళ్లు చూస్తే పంపు రెక్కలు తినేసి ఉంటాయి. పాత పంపు మీద కొత్త బెల్టు ఎక్కిస్తే, ఆర్నెల్లకు పంపు కారి బెల్టు తడిసి, అదే పని మళ్లీ చేయాల్సి వస్తాది.

క్రాంక్ పుల్లీ బోల్టు ఈ ఇంజన్లలో మొండికి పేరుబడింది. పుల్లీని పట్టే హోల్డర్ టూలు, పొడుగు పైపు ఉన్నోని దగ్గరికే పో. సెల్ఫ్ మోటారు కొట్టి బోల్టు వదులు చేసే పద్ధతి ఒకటుంది, నాలుగేండ్లు నిలబడిన ఇంజనుకు అది వద్దే వద్దు.

గుర్తులు ఇట్ల చూసుకో. క్యామ్ పుల్లీ మీద 'అప్' అని రాసింది పైకి రావాల. దాని రెండు పక్కల గీతలు హెడ్డు పై అంచుకు సమానంగా ఉండాల. క్రాంక్ పుల్లీ మీద తెల్ల గీత కవరు ముల్లుకు ఎదురు రావాల. ఎర్ర గీత టైమింగ్ లైటుది, దాన్ని చూసి బెల్టు వేస్తే తప్పు పడుతుంది. బెల్టు ఎక్కించినాక టెన్షన్ పెట్టే పద్ధతి: ఇంజన్‌ను ఎదురు దిక్కుగా ఐదారు చుట్లు తిప్పి, మళ్లీ గుర్తులు చూసి, టెన్షనర్ బోల్టు అర చుట్టు వదులు చేయాల. క్యామ్ పుల్లీ మూడు పళ్లు నడిచేంత మళ్లీ అదే దిక్కుకు తిప్పి, అప్పుడు బోల్టు 44 న్యూటన్ మీటర్లకు బిగించాల. వేలితో నొక్కి "సరిపోయింది" అనేది ఈడ పనికిరాదు. వదులైతే పన్ను దూకుతాది, బిగువైతే పంపు బేరింగ్ కూస్తాది.

వాల్వ్ కవరు ఎట్లనూ తీస్తారు గాబట్టి అదే రోజు వాల్వ్ సెట్టింగ్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు చూపించు. ఇన్‌టేక్ 0.18 నుంచి 0.22 మి.మీ., ఎగ్జాస్ట్ 0.23 నుంచి 0.27. ఈ కొలత హెడ్డు వేడి 38 డిగ్రీల లోపు ఉన్నప్పుడే లెక్క. మన దగ్గర మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతాది, బండి నడపకపోయినా హెడ్డు 38 పైనే ఉంటాది. అందుకే తెల్లారుజామున ఐదారు గంటలకు చేయించు. పన్నెండు గంటలకు ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న బ్లేడు) పట్టుకున్నోడు ఎంత పనిమంతుడైనా కొలత తప్పుతాది.

ఇంక హెడ్డు దించడం, బోరు చేయడం. కొలవకుండా ఆ మాట చెప్పినోని చేతికి బండి ఇయ్యొద్దు. ఇంజన్ స్టార్ట్ అయ్యి వేడెక్కినాక కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఒత్తిడి) చూడాల. నాలుగు ప్లగ్గులూ బయట ఉండాల, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాల, పెట్రోలు, కరెంటు రాకుండా మెయిన్ రిలే, డిస్ట్రిబ్యూటర్ కనెక్టర్లు పీకేయాల. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ 185 పీఎస్ఐ దగ్గర చూపిస్తాది. 135 కంటే తగ్గకూడదు, సిలిండర్ల మధ్య తేడా 28 దాటకూడదు. ఈ అంకెలు వచ్చినాకే మిగతా మాట.

ఆయిల్ ఫిల్టరుతో కలిపి సుమారు 3.3 లీటర్లు పడుతుంది, 10డబ్ల్యూ-30 చాలు. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకే మార్చేయి, లోపలి మడ్డి దానితో పోతాది. గేర్‌బాక్సులో మాత్రం జాగ్రత్త. రోడ్డు పక్క షాపుల్లో అన్నిటికీ 80డబ్ల్యూ-90 జీఎల్-5 పోస్తారు. ఈ హోండా పెట్టెకు అది మందం ఎక్కువ, పైగా అందులోని రసాయనాలు గేర్లు కలిపే సింక్రో రింగులు పట్టుకోవాల్సిన ఒరిపిడిని తగ్గిస్తాయి. మూడో గేరు గరగర అంటే ముందు ఆయిల్‌నే అనుమానించు. హోండా ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్సు ఆయిల్) పోయి. అది దొరికేదాకా 10డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్ పోసినా పెట్టెకు నష్టం లేదు.


నాపరాయి (కడప):

పైన చెప్పిన ఇంజన్ పని మొత్తం సరిగ్గా ఉంది. ఈ బండిని మన ఎండలో దారిలో నిలబెట్టే వాటి గురించి చెబుతాను.

మొదటిది మెయిన్ రిలే. డ్యాష్‌బోర్డు కింద ఉండే చిన్న డబ్బా, ఇంజెక్షన్ కంప్యూటర్‌కూ పెట్రోలు పంపుకూ కరెంటు ఇచ్చేది ఇదే. లోపలి టంకం అతుకులు ఏళ్ల తరబడి వేడికీ చలికీ సాగి ముడుచుకుని వెంట్రుక మందాన పగులుతాయి. లక్షణం ఎప్పుడూ ఒకటే. పొద్దున బండి చక్కగా స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం ఎండలో గంట నిలబెట్టి వచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. అద్దాలు దించి ఇరవై నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. పరీక్ష సులువు. తాళం 'ఆన్' చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు సెకన్లు పంపు సన్నగా మోగాలి. మోగకపోతే రిలే ఊడదీసి, బల్బు కింద భూతద్దంతో అతుకులు చూడండి. పిన్ను చుట్టూ సన్నటి నల్ల వలయం కనిపిస్తే అదే పగులు. పాత టంకం పీల్చేసి 60/40 టంకంతో ప్రతి అతుకూ కొత్తగా వేయండి, కనిపించినవే కాదు. చాలామంది ఇది తెలియక పెట్రోలు పంపు మార్చేస్తారు, వారం తర్వాత బండి మళ్లీ ఎండలో ఆగుతుంది.

రెండోది డిస్ట్రిబ్యూటర్. లోపలే ఇగ్నిషన్ కాయిలూ ఇగ్నైటరూ ఉంటాయి. మీ బండికి దాని కింద ఆయిల్ తడి ఉందన్నారు. బయట ఉన్న ఓ-రింగ్ పోతే హెడ్డు మీద కారుతుంది, అది చిన్న పని. క్యాప్ తీసినప్పుడు లోపల కూడా ఆయిల్ ఉంటే షాఫ్టు సీలు పోయినట్టు. ఆ ఆయిల్ వేడికి పొగలై ఇగ్నైటర్‌ను తింటుంది. నడుస్తూ నడుస్తూ బండి ఆగిపోతే ఆర్పీఎం ముల్లును గమనించండి. బండి ఇంకా గేర్లో దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారి సున్నాకు పడితే తప్పు కాయిల్, ఇగ్నైటర్ వైపు ఉంది. ముల్లు ఇంజన్‌తో పాటు మెల్లగా దిగితే పెట్రోలు వైపు వెతకాలి. ఈ ఒక్క గుర్తు సగం రోజు పని తప్పిస్తుంది.

మూడోది చల్లబరిచే వ్యవస్థ. అన్నిటికంటే పెద్దది ఇదే. బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం. ఒక్కసారి ముల్లు ఎర్రగీత ఎక్కితే హెడ్డు వంగుతుంది. వంపు 0.05 మి.మీ. లోపు ఉంటే అలాగే బిగించవచ్చు, 0.05 నుంచి 0.2 దాకా అయితే మెషిన్ షాపులో సాపు చేయించాలి, ఆపైన ఆ హెడ్డు వదిలేయాల్సిందే. రేడియేటర్ పై, కింద ప్లాస్టిక్ ట్యాంకులు గోధుమ రంగుకు తిరిగి ఉంటే, గోరుతో గీకితే పొడి రాలితే, కడిగి వాడే ఆలోచన వద్దు. కొత్తది వేయండి. దానితో పాటు మూత 1.1 బార్‌ది, థర్మోస్టాట్ 78 డిగ్రీలకు తెరుచుకోవడం మొదలయ్యేది, పై గొట్టం, కింద గొట్టం, హీటర్ గొట్టాలు రెండు.

థర్మోస్టాట్ పీకేసి నడిపితే చల్లగా ఉంటుందని మన ప్రాంతంలో ఒక నమ్మకం ఉంది. ఈ బండికి అది కీడే చేస్తుంది. ఇంజన్ వేడెక్కకపోతే కంప్యూటర్ చలి ఇంజన్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్ పలచబడుతుంది, వీటెక్ కూడా కలవదు. కూలెంట్ 60 డిగ్రీలు దాటాకే అది పని మొదలుపెడుతుంది.

బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా పోయొద్దు. కర్నూలు, అనంతపురం, కడప ఏ ఊరి బోరు అయినా కాఫీ గిన్నెలో కట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ సగం, సిలికేట్ లేని గ్లైకాల్ కూలెంట్ సగం. పోసేటప్పుడు హీటర్ నాబ్ పూర్తి వేడి మీద పెట్టి, గాలి వదిలే బ్లీడ్ బోల్టు వదులు చేసి, బుడగలు ఆగి ధార వచ్చాక బిగించండి. మూత తెరిచే ఉంచి ఇంజన్ నడిపి, ఫ్యాను రెండు సార్లు తిరిగి ఆగేదాకా నింపుతూ ఉండండి. ఫ్యాను 93 డిగ్రీల దగ్గర తిరగాలి. గాలి లోపల మిగిలితే ఐడిల్ 1000, 1800 మధ్య ఊగుతుంది. చాలామంది అప్పుడు సెన్సార్లు మారుస్తారు, అక్కడ ఉన్నది గాలి బుడగ.

వీటెక్ గురించి ఒక మాట. ఇది సింగిల్ క్యామ్ వీటెక్, ఇన్‌టేక్ వైపు మాత్రమే పనిచేస్తుంది. సిలిండర్‌కు మూడు ఇన్‌టేక్ రాకర్లు ఉంటాయి. మామూలు వేగంలో మధ్యది ఊరికే ఊగుతుంటుంది. ఆర్పీఎం పెరిగాక సొలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) తెరుచుకుని, ఆయిల్ ప్రెషర్ లోపలి పిన్నులను తోసి మూడిటినీ ఒకటి చేస్తుంది. అప్పుడు క్యామ్ మీది పెద్ద లోబ్ (ఉబ్బు) పని మొదలవుతుంది. ఆయిల్ తక్కువైనా, పాతబడి మడ్డి కట్టినా, సొలినాయిడ్ గ్యాస్కెట్‌లో ఉన్న సన్నటి జల్లెడ మూసుకున్నా ఆ పిన్నులు కదలవు. నాలుగేళ్లు నిలబడ్డ బండికి ఆ జల్లెడ గ్యాస్కెట్ తప్పకుండా మార్చండి. సొలినాయిడ్ కాయిల్ కొలిస్తే 14 నుంచి 30 ఓమ్‌లు ఉండాలి. వాల్వ్ కవరు తీసినప్పుడు, ఆ సిలిండర్ పిస్టన్ పై స్థానంలో ఉండగా మధ్య రాకర్‌ను వేలితో నొక్కి చూడండి, పక్క రాకర్లతో సంబంధం లేకుండా అది ఒక్కటే కదలాలి.

డ్యాష్ కింద ఖాళీగా వేలాడే రెండు పిన్నుల కనెక్టర్‌ను చిన్న వైరుతో కలిపి తాళం ఆన్ చేస్తే చెక్ ఇంజన్ లైటు మెరుపుల లెక్కతో తప్పు చెబుతుంది. పొడుగు మెరుపు పది, పొట్టి మెరుపు ఒకటి. 6 వస్తే కూలెంట్ వేడి సెన్సార్, 7 వస్తే థ్రాటిల్ సెన్సార్, 14 వస్తే ఐడిల్ వాల్వు, 21 వస్తే వీటెక్ సొలినాయిడ్, 22 వస్తే వీటెక్ ప్రెషర్ స్విచ్. స్కానర్ అక్కరలేదు.


పెన్నేరు గట్టు (కడప):

పెట్రోలు, బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి అవి.

ఆ పాత పెట్రోలు మొత్తం తోడేయండి. దానిలోని ఇథనాల్ గాలిలో తేమ లాక్కుని అడుగున నీటి పొరగా విడిపోయి ఉంటుంది, పంపు ముందు పీల్చేది అడుగునుంచే. ట్యాంకు దించి కడిగి, పంపు జల్లెడ, పెట్రోలు ఫిల్టర్ కొత్తవి వేసి, ఇంజెక్టర్లు అల్ట్రాసోనిక్ మిషన్లో శుభ్రం చేయించి, ఓ-రింగులు మార్చండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్. 2002 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు. గొట్టాల మీద 'ఎస్ఏఈ జే30 ఆర్9' అని అచ్చు ఉన్నవి అడిగి వేయించండి. తర్వాత కూడా నెలల తరబడి నిలబెట్టేటట్టయితే ట్యాంకు నిండుగా ఉంచండి, లోపల గాలి తక్కువైతే తేమా తక్కువే.

బ్రేకు: ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ము విప్పి వీల్ సిలిండర్ రబ్బరు అంచు పైకెత్తి చూడండి, తడి ఉంటే సిలిండర్ మార్చాలి. ముందు కాలిపర్ పిన్నులు గట్టిపడి ఉంటే ఒక ప్యాడ్ అరిగి ఇంకోటి కొత్తగా ఉంటుంది. ద్రవం మొత్తం కొత్తది, డాట్ 3 లేదా డాట్ 4. పెడల్‌ను చివరిదాకా తొక్కి బ్లీడ్ చేస్తే (గాలి, పాత ద్రవం తీస్తే), మాస్టర్ సిలిండర్లో ఎన్నడూ నడవని తుప్పు భాగం మీదికి సీలు పోయి చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి సగం దాకానే తొక్కండి, లేదా గురుత్వంతో కారనివ్వండి. గువ్వలచెరువు ఘాట్ దిగాలనుకునే బండికి ఇందులో పొదుపు చేయకూడదు.

టైర్ల పక్క మీద నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 1819 అంటే 2019లో 18వ వారం. గాడి ఎంత ఉన్నా సరే, ఏడేళ్లు నిండిన టైరుతో మన 44వ నంబర్ హైవే మీద మే నెలలో 100 దాటొద్దు.


రంగు దుమ్ము (కర్నూలు):

పెయింట్ చివరనే. ఇంజన్ పనిలో ఫెండర్ మీద స్పానర్ పడుతుంది, బ్రేకు ఆయిల్ ఒక చుక్క పడితే కొత్త పెయింట్ బుడగలెత్తుతుంది. తుప్పు మాత్రం ఇప్పుడే ఆపాలి.

వీల్ ఆర్చి లోపలి మట్టి ప్రెషర్ వాటర్‌తో కడిగి, స్క్రూడ్రైవర్ మొనతో తట్టి చూడండి. బొటనవేలంత పైకి కనిపిస్తే లోపల అరచేయంత ఉండటం మామూలు. మెత్తగా దిగబడితే ఆ రేకు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలి. తుప్పు మీదే లప్పం పెట్టి సాపు చేస్తే రెండు వానాకాలాలకు మళ్లీ పొంగుతుంది. గుమ్మాల కింద నీళ్లు పోయే రంధ్రాలు, డిక్కీలో స్టెప్నీ గుంత, ముందు అద్దం రబ్బరు కింద మూలలు, బ్యాటరీ ట్రే కింద కూడా చూడండి. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీగలు, ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గు పీకడం మరవద్దు.

టింకరింగ్ అయ్యాక వరుస: నగ్నమైన రేకుకు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద అవసరమైన చోటే పలుచటి లప్పం, సర్ఫేసర్, 400తో మొదలుపెట్టి 800 దాకా నీటి కాగితం, బేస్ కోటు, రెండు పూతల క్లియర్ కోటు. మన వేడికి షాపులో స్లో హార్డెనర్, స్లో థిన్నర్ అడగాలి. మామూలువి వాడితే గన్ను నుంచి బండి చేరేలోపే పెయింట్ ఆరి గరుకుగా పడుతుంది, లేదా పైపొర తొందరగా గట్టిపడి లోపలి థిన్నర్ సూది రంధ్రాలు చేసుకుని బయటికి వస్తుంది. ఎండాకాలం అయితే తెల్లవారి పనే, నేల తడిపి.

బండి మొత్తానికి రంగు వేయనక్కరలేదు. తలుపులు, పక్కలు బాగుంటే పాలిషింగ్ చాలు. బానెట్, రూఫు, డిక్కీ మూత మాత్రం పెయింట్. కంపెనీ రంగు ఎంతవరకు మిగిలితే బండికి అంత విలువ. డ్యాష్ పగులును ఫైబర్ పెట్టి పూడ్చి చుట్టే రెగ్జిన్ మన ఎండకు ఏడాదిలో లేస్తుంది. చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారులోనో బెంగళూరు స్క్రాప్ వ్యాపారుల దగ్గరో పగలని డ్యాష్ వెతకడమే మేలు. కొత్త రబ్బర్లు, బుష్‌లు, మౌంటింగ్‌లకు బెంగళూరు జేసీ రోడ్డు. సరుకు పంపమని అడిగేటప్పుడు 'సిటీ' అంటే తర్వాతి తరం సిటీ జెడ్ఎక్స్ భాగాలు వస్తాయి. పాత భాగం ఫోటో, చాసిస్ నంబరు రెండూ పంపండి.

ఒకటి గట్టిగా చెప్పాలి. ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టొద్దు. అది బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది, పవర్ తగ్గుతుంది. అనంతపురం ఎర్ర దుమ్ము సంగతి వేరే చెప్పక్కరలేదు. కంపెనీ డబ్బా, కాగితం ఫిల్టర్, 10,000 కిలోమీటర్ల బదులు 5,000కు మార్చండి.


గుత్తి మలుపు (అనంతపురం):

కాగితాలు కూడా ఈ పనులతో పాటే నడిపించు, చివరికి పెట్టుకోవద్దు. ఆర్‌సీ ముగిసిన బండిని రోడ్డెక్కిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. రెన్యువల్ దరఖాస్తు ఫారం 25, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాల, ఆపైన బండి తనిఖీ. 20 ఏండ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసింది. ఆలస్యానికి పడేది వేరే. పాత బ్యాంకు లోను ఆర్‌సీ మీద ఇంకా కనిపిస్తుంటే ఫారం 35తో ముందు అది తీయించు. బానెట్ లోపల ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు మడ్డి తుడిచి ఆర్‌సీతో పోల్చుకో. పెయింటర్ చాసిస్ నంబరు మీద రంగు మందంగా కొడితే తనిఖీలో తిప్పి పంపుతారు. 'వింటేజ్' రిజిస్ట్రేషన్ గురించి ఎవరైనా చెబితే వినొద్దు, అది 50 ఏండ్లు నిండిన బండ్లకు.


బురుజు వీటెక్ (కర్నూలు):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇప్పటిదాకా అయినవి: ట్యాంకు కడగడం, బెల్టు, టెన్షనర్, పంపు, రెండు సీళ్లు, రేడియేటర్, గొట్టాలు, థర్మోస్టాట్, ఆయిల్, ఎంటీఎఫ్. మెయిన్ రిలేలో రెండు అతుకుల చుట్టూ వలయం కనిపించింది, అన్నీ కొత్తగా టంకం వేశారు. డిస్ట్రిబ్యూటర్ లోపల పొడిగానే ఉంది, బయటి ఓ-రింగ్ ఒక్కటే మార్చారు. వాల్వ్ సెట్టింగ్ మాత్రం చేయలేదు, "శబ్దం లేదు గదా" అన్నారు.

ఇంజన్ స్టార్ట్ అయింది. ఐడిల్లో సన్నటి వణుకు. వేడి మీద కంప్రెషన్ ఇలా వచ్చింది: 176, 172, 128, 174. మూడో సిలిండర్లో ఒక టీ చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 132. హెడ్డు దించాల్సిందేనా?


గుత్తి మలుపు (అనంతపురం):

ఇంకా లేదు. ఆయిల్ పోస్తే రింగుల సందు మూసుకుంటాది. రింగులు పోయింటే 128 కాస్తా 150 దాటాల. నాలుగే పెరిగింది, కాబట్టి గాలి పోతున్నది వాల్వు దగ్గర. బోరు మాట ఇంతటితో ముగిసింది.

శబ్దం లేదు గదా అన్నారు చూడు, ఈడ శబ్దం లేకపోవడమే అనుమానం. సందు ఎక్కువైన వాల్వు టకటకమంటాది. సందు తక్కువైంది ఏమీ అనదు. ఎగ్జాస్ట్ వాల్వు ఏండ్ల మీద సీటులోకి దిగి, కాడ పైకొచ్చి రాకర్‌ను తాకుతాది. సందు పోతాది. వేడెక్కి కాడ సాగితే వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని వాల్వుకు వేడి దిగే దారి ఉండదు, అట్లనే వదిలితే అంచు కాలిపోతాది.

రేపు తెల్లారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కవరు తీయించు. మొదటి సిలిండర్ పై స్థానంలో పెట్టి దాని నాలుగు వాల్వులు, తర్వాత క్రాంక్ అర చుట్టు ఎదురు దిక్కుకు తిప్పి మూడోది, మళ్లీ అర చుట్టు నాలుగోది, మళ్లీ అర చుట్టు రెండోది. ప్రతిదానికీ సర్దే ముందు ఉన్న కొలత రాసి పెట్టుకో. సర్దినాక ఎంతనేది అందరికీ ఒకటే, సర్దక ముందు ఎంతనేదే నీ ఇంజన్ చరిత్ర. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కొంచెం తిరుగుతాది, బిగించినాక మళ్లీ ఫీలర్ పెట్టి చూడాల.


బురుజు వీటెక్ (కర్నూలు):

ఉదయం ఐదున్నరకు చేశారు. మిగతా ఎగ్జాస్ట్ వాల్వులు 0.17 నుంచి 0.20 మధ్య ఉన్నాయి. మూడో సిలిండర్లో ఒక ఎగ్జాస్ట్‌కు 0.05 బ్లేడు కూడా దూరలేదు. అన్నీ 0.25కు, ఇన్‌టేక్‌లు 0.20కు పెట్టారు. మధ్య రాకర్లు నాలుగూ విడిగా కదులుతున్నాయి. ఇంజన్ వేడెక్కాక కంప్రెషన్: 178, 175, 161, 177. ఐడిల్ వణుకు పోయింది. లైటులో ఏ కోడూ లేదు.


గుత్తి మలుపు (అనంతపురం):

తేడా 17కు వచ్చింది, 28 లోపే. హెడ్డు దించే మాట ఇంక మూసేయి. ఆ వాల్వు అంచు కొంచెం మచ్చపడి ఉంటాది, నడిచే కొద్దీ సీటుకు కుదురుకుంటే ఇంకొంచెం పెరగొచ్చు.

1,000 కిలోమీటర్లకు ఆ ఒక్క వాల్వు మళ్లీ కొలువు. 0.23 పైన నిలబడితే ఇంక 20,000 దాకా దాని జోలికి పోనక్కరలేదు. 0.15కో ఇంకా కిందికో దిగింటే సీటు అరుగుతున్నట్టు, అప్పుడు హెడ్డు దించి ఆ సీటు, వాల్వు, గైడు చూపించాల. అప్పటిదాకా రెడ్‌లైన్ దగ్గరికి పోవద్దు.


నాపరాయి (కడప):

అంకెలు బాగున్నాయి. మొదటి 500 కిలోమీటర్లు ఊరి దగ్గరే తిప్పండి. ఓర్వకల్లు రాళ్ల దాకా పోయి రావడం మంచి పరీక్ష. హైవే వేగం, ఎండ రెండూ ఉంటాయి, ఏదైనా కారినా ఇల్లు దగ్గర. తిరిగొచ్చాక బండి కింద అట్టముక్క పరిచి రాత్రంతా ఉంచండి. చుక్క ఎక్కడ పడిందో, ఏ రంగో పొద్దున తెలుస్తుంది. పచ్చదైతే కూలెంట్, నల్లదైతే ఇంజన్ ఆయిల్, వెనక చక్రం దగ్గర పలుచగా జిడ్డుగా ఉంటే వీల్ సిలిండర్.

గువ్వలచెరువుకు 500 కిలోమీటర్ల ఆయిల్ మార్చాకే రండి. ఈ ఇంజన్‌కు బలం పై ఆర్పీఎంలో ఉంది, ఎక్కేటప్పుడు నాలుగో గేర్లో మూలగనివ్వకుండా మూడో గేర్లో 3,500 పైన ఉంచండి, అలా నడిపితేనే ముల్లు కూడా మధ్యలో నిలుస్తుంది. వాటర్ పంపు వేగంగా తిరుగుతుంది కదా. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. లారీలు ఎక్కువ, మలుపుల్లో ఓవర్‌టేక్ వద్దు. పైన పాలకోవా అంగళ్ల దగ్గర ఆపినప్పుడు వెంటనే తాళం తీయకుండా రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి, ఫ్యాను తిరిగి ఆగాక ఆపండి. అరగంట ఎండలో నిలబెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి, మెయిన్ రిలే టంకం ఎలా కుదిరిందో అక్కడే తేలుతుంది. ముల్లు ఎంత దాకా ఎక్కింది, స్టార్ట్‌కు ఎన్ని సెకన్లు పట్టింది, ఆ రెండూ ఇక్కడ రాయండి.